ఎడమ కిటికీ

టెస్ట్ ల్యాంపు తీగలు రెండూ ప్లగ్గులోకి దూర్చగానే బల్బు వెలిగింది. గిరిబాబు వాటిని బయటికి లాగి మళ్లీ దూర్చాడు. మళ్లీ వెలిగింది. ప్లగ్గును వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. బల్బు చలించలేదు. ఆ పెట్టెలో ఇంకా చాలా ప్లగ్గులున్నాయి, వాటన్నిటికీ తలా ఒక్కసారే పరీక్ష. ముప్పై ఒకటో నంబరు సీటు పక్కనున్న ఈ ఒక్కదానికి మాత్రం పొద్దున్న ఏడు గంటల్లోపే ఇది మూడోసారి.

తోటి టెక్నీషియన్ శివాజీ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆ సీటు ఎవరి కోసమో అడిగాడు.

"మా అప్పకిరా" అన్నాడు గిరిబాబు.

"ఆవిడ రైలెక్కనంటాది కదేటి?"

"ఆవిడెక్కదు. ఆవిడ కళ్లెక్కుతాయి."

శివాజీకి అర్థం కాలేదు. గిరిబాబు మోకాళ్లు దులుపుకుని, చెవి మీదున్న పొట్టి పెన్సిలు తీసి కాగితం మీద టిక్కు పెట్టి పక్క ప్లగ్గుకు జరిగాడు.

గిరిబాబుకు యాభై ఎనిమిది నిండాయి. సన్నటి మనిషి. చెవుల మీద వెంట్రుకలు నెరిశాయి గాని తల ఇంకా నల్లగానే ఉంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరూ, నల్లటేపు చుట్టా ఉంటాయి, పెళ్లికి వెళ్లినా సరే. కుడిచేతి బొటనవేలి మీద ఎప్పుడో టంకం చుక్క పడి కాలిన మచ్చ ఉంది. ముప్పై ఆరేళ్లుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే. బిలాస్‌పూర్‌లో కడిగించుకోవడానికి వచ్చిన బండ్లలో లైట్లు వెలిగేటట్టు, ఫ్యాన్లు తిరిగేటట్టు చూడటం. అవి పనిచేస్తే ఆయన ఒకడున్నాడని ఎవరికీ తెలియదు. పనిచేయకపోతే మాత్రం పేరు తెలియకుండానే దారిపొడవునా తిట్టుకుంటారు. ఆ లెక్కన తనను తలుచుకునేవాళ్లు దేశమంతా ఉన్నారని ఇంట్లో గొప్పలు పోయేవాడు.

స్టేషనుకు వెళ్లినవాళ్లంతా బండి రావడమూ పోవడమూ చూస్తారు. గిరిబాబు చూసేది నిలబడ్డ బండి. ఎవరో వెనక్కి నెట్టుకుంటూ తెచ్చి, బండ్లు కడిగే పిట్ లైనులో పెడతారు, పనయ్యాక ఎవరో లాక్కుపోతారు. ఏ కొస ముందో, ఏ కొస వెనకో ఆయనకు అక్కర్లేదు. పెట్టె నంబరూ సీటు నంబరూ తెలిస్తే చాలు. ఈ అలవాటు ఆయన్ని ఎక్కడ ముంచిందో ముందు ముందు వస్తుంది.

అప్ప అంటే ఆయన తోడబుట్టిన అక్క అప్పలనర్సమ్మ. డెబ్బై ఒక్క ఏళ్లు. వాళ్ల నాన్న పార్వతీపురానికీ బొబ్బిలికీ మధ్య గెడ్డవలస గేటు దగ్గర గేట్‌మన్. పట్టాల పక్కన ఒక గది, గదికి ఒక కిటికీ, బయట రెండు జెండాలు. ఆ గదిలోనే గిరిబాబు పుట్టాడు. మూడేళ్లకు తల్లి పోయింది. ఆరేళ్లప్పుడు అప్పలనర్సమ్మకు బిలాస్‌పూర్ లోకో షెడ్డు ఖలాసీతో పెళ్లయింది. తమ్ముణ్ణి కూడా తీసుకుపోతానంటేనే పీటల మీద కూర్చుంటానంది. కూర్చుంది. అలా ఒక ట్రంకుపెట్టె, ఒక తమ్ముడు వెంటరాగా రాత్రి బండిలో ఈ ఊరొచ్చింది. దారిపొడవునా ఏడ్చిందట. ఒళ్లో పడుకున్న గిరిబాబుకు ఆ ప్రయాణంలో గుర్తున్నది ఒక్కటే, తన తలంతా తడిసిపోవడం. గేటు గది మాత్రం గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రాదు. ఆ సంగతి ఆయన అప్పకు ఇంతవరకు చెప్పలేదు.

తర్వాత వాళ్ల నాన్నా పోయాడు, గదిలోకి వేరే గేట్‌మన్ వచ్చాడు. గెడ్డవలసలో బండి ఆగదు, ఆగినా దిగి వెళ్లడానికి చుట్టాలు లేరు. విజయనగరంలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లినప్పుడల్లా వీళ్లు రాత్రి బండే ఎక్కేవాళ్లు. రైల్వే కుటుంబాల పద్ధతే అంత, ఒకరోజు సెలవు కలిసొస్తుందని. ఆ బండి గేటు దాటేది ఇంకా చీకటి ఉండగానే. రాయగడ దగ్గర్నుంచి అప్పలనర్సమ్మ కిటికీ ఊచలకు ముఖం ఆనించి కూర్చునేది. ఒక దీపం వచ్చేది, పోయేది. గది ఉందో, కూలిందో ఎప్పుడూ తెలియలేదు. పిల్లలు కలగలేదు, భర్త పోయి పన్నెండేళ్లయింది, తమ్ముడింట్లోనే ఉంటోంది. మోకాళ్లు అరిగాక రైల్లో దొడ్డికి వెళ్లడం తన వల్ల కాదని ఏడేళ్లుగా ప్రయాణాలే మానేసింది.

ఈ వేసవిలో ఆరు శనివారాలకని బిలాస్‌పూర్ నుంచి విజయనగరానికి ఒక పగటి స్పెషల్ వేశారు. తెల్లవారి అయిదూ నలభైకి బయల్దేరి సాయంత్రానికి చేరుతుంది. గిరిబాబు అన్నం తింటూ ఆ మాట యథాలాపంగా చెప్పాడు. అప్పలనర్సమ్మ చింతపండు పిక్కలు తీస్తున్న చెయ్యి ఆపింది.

"పగలెల్తాదా? అయితే గేటు అగుపడతాదిరా" అంది. తర్వాత తన మోకాళ్ల వంక చూసుకుని మళ్లీ పిక్కలు తీయడం మొదలుపెట్టింది. అంతే. గిరిబాబుకు ఆ పూట అన్నం సయించలేదు.

దారి చూపించింది ఆయన కూతురు ప్రసూన. ఆ పిల్లకు విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు అద్దెగది చూసుకోవడానికి ఈ శనివారం స్పెషల్‌లోనే వెళ్తోంది. దాని దగ్గర అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద కెమెరా ఒకటుంది. ఊరి శివారు తిఫ్రాలో బైకు పోటీలకు వెళ్లే ఎవరో కుర్రాడు పాతబడిందని అమ్మితే కొన్నది. దాన్ని కిటికీ ఊచకు బిగించి దారంతా వీడియో తీసుకొస్తానంది. చిక్కు ఒక్కటే. కెమెరా లోపలి బ్యాటరీ గంటా పది నిమిషాలకు మించి ఉండదు. ప్రయాణం పదమూడు గంటలు. పోనీ రైల్లో ప్లగ్గుకు పెడదామంటే, మామూలు కేబుల్ తగిలించగానే ఆ కెమెరా కంప్యూటరుకు కలిపారనుకుని బొమ్మలు తీయడం మానేసి తెర మీద ఒక గుర్తు వేసుకుని కూర్చుంటుంది.

"ఛోడో నా నాన్నా, వదిలెయ్, గేటొచ్చేముందు ఆన్ చేస్తాలే" అంది ప్రసూన.

గేటు ఎప్పుడొస్తుందో నీకేం తెలుసు, నిద్రపోతే ఏం చేస్తావు అని గిరిబాబు ఒప్పుకోలేదు. పైగా ఆయనకు గేటు ఒక్కటే కాదు, దారంతా కావాలి. అప్ప ఏడ్చుకుంటూ వచ్చిన దారంతా.

కేబుల్ సంగతి తనకు వదిలేయమన్నాడు. ముప్పై ఆరేళ్లు తీగలతో కాపురం చేసినవాడు మరి.

ఇదంతా వారం కిందటి మాట. గిరిబాబు ఆ గురువారం రాత్రి భోజనానికి ముందే కేబుల్ కోసి చూశాడు. నాలుగు తీగలున్నాయి. ఎరుపూ నలుపూ కరెంటువి. ఆకుపచ్చా తెలుపూ కబుర్లు మోసేవి, కెమెరాకు అవతల కంప్యూటరుందని చెప్పేవి అవే. వాటిని తెంపితే కబుర్లు ఆగుతాయి. తెంపాడు. తెంపి, కెమెరా వైపు మిగిలిన ఆ రెండు కొసలను తీసుకెళ్లి నల్లతీగకు కలిపాడు. రైలు పెట్టెల్లో పద్ధతి అదే. పనిలేని తీగను గాలికి వదలకూడదు, ఎర్తుకు కట్టాలి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేర్చుకున్న పాఠమది, ఆయన చేతులు తమంతట తామే చేసేస్తాయి. కేబుల్ బయటికి వచ్చే చోట లోపల ఒక ముడి వేశాడు, ఎవరు లాగినా టంకం ఊడకుండా. నీళ్లు పడకుండా ఉండే కెమెరా డొప్పకు పక్కన ఆకురాయితో చిన్న గాడి తీశాడు, తలుపు మూసినా కేబుల్ పట్టేటట్టు.

పొద్దున్న ప్లగ్గు చూసిన ఈ శుక్రవారమే, మధ్యాహ్నం సెక్షన్ గదిలో కేబుల్ పరీక్ష. టిఫిన్ డబ్బా మూత మీద కెమెరాను నిలబెట్టి, ప్లగ్గుకు తగిలించి మీట నొక్కాడు. ఎర్రదీపం మిణుకుమంది, బొమ్మ తీయడం మొదలుపెట్టింది. గిరిబాబు అన్నం కలుపుకున్నాడు. శివాజీ ఆ కెమెరా ముందు కూర్చుని తను తింటున్న బెండకాయ వేపుడు గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అంతా బాగుందనుకున్నారు. రెండు గంటలు నడిచి కెమెరా చప్పుడు లేకుండా ఆరిపోయింది.

కరెంటు వస్తోంది. కాని చుక్కలు చుక్కలుగా వస్తోంది, కెమెరా తాగేదానికి చాలడం లేదు. ఎందుకో గిరిబాబుకు తెలియలేదు. ఆ మధ్యాహ్నమంతా ఫ్యాన్లు తుడుస్తూ, బల్బులు మారుస్తూ అదే ఆలోచన. రేపు తెల్లవారితే బండి. ఇంటికి వెళ్లేదాకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. ఎదురొచ్చిన అప్పతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయనకు తెలియంది పుస్తకాల్లో వెతికే అలవాటు లేదు. చచ్చిన వస్తువును విప్పి చూడటమే ఆయన చదువు. సాయంత్రం వాకిట్లో ఎండ ఇంకా ఉండగానే ఒక పాత ఫోను చార్జరును చాకుతో చీల్చాడు. లోపల పచ్చరేకు మీద నాలుగు కాళ్లు. చివరి రెండిటికీ కరెంటు. మధ్య రెండూ ఎక్కడికీ పోలేదు. ఎర్తుకు అసలే పోలేదు. ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

గిరిబాబు చాలాసేపు వాటినే చూశాడు. ఆ రెండూ కలిసి ఉంటే ఇది చార్జరే, నిండా తాగొచ్చు అని కెమెరాకు తెలుస్తుందన్నమాట. తను వాటిని విడదీసి నేలకు కట్టాడు. ముప్పై ఆరేళ్ల పాఠం ఇక్కడ అడ్డొచ్చింది. గట్టిగా నవ్వేశాడు. లోపల్నుంచి భార్య మాధవీలత ఏమైందని కేకేసింది.

అప్పలనర్సమ్మ ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చుంది. వాకిట్లో వెలుతురున్నా తమ్ముడి కళ్లకు ఆనదని టార్చి పట్టింది. చిన్నప్పుడు నాన్న లాంతరు ఒత్తి కత్తిరిస్తుంటే ఇలాగే దీపం పట్టుకునేదాన్నని చెప్పింది. గిరిబాబు ఆకుపచ్చనూ తెలుపునూ నల్లదాని నుంచి విడదీసి, ఒకదానికొకటి మెలిపెట్టి టంకం వేశాడు. టంకం పొగకు అప్పాతమ్ముళ్లిద్దరూ దగ్గారు. ఎనిమిది గంటల దాకా కెమెరా వాకిట్లో తులసికోటను బొమ్మ తీస్తూనే ఉంది. బ్యాటరీ గీత ఒక్కటి కూడా తగ్గలేదు.

డిపోలో ప్రతి కేబుల్‌కూ చీటీ కట్టడం ఆనవాయితీ. ఈ కేబుల్‌కూ ఒక అట్టముక్క దారంతో కట్టాడు. తేదీ, గి.బా. అనే పొడి అక్షరాలు, కింద "ఎడమ కిటికీ, సీటు 31, చెయ్యి పెట్టొద్దు". ప్రసూన తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి నోటితో కూడా చెప్పాడు. విజయనగరం వెళ్తుంటే గేటు గది ఎడమచేతి వైపని అప్ప నూరుసార్లు చెప్పింది. రాయపూర్‌లో ఇంజన్ విప్పి మళ్లీ తగిలిస్తారు, ఆ కాసేపు పెట్టెల్లో కరెంటు పోతుంది, భయపడకు, లోపలి బ్యాటరీ గంటసేపు కాస్తుంది అన్నాడు. అంత ముందుచూపు ఉన్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

ప్రసూన వెళ్లింది, మర్నాడు గది చూసుకుంది, రాత్రి బండెక్కి సోమవారం తిరిగొచ్చింది. చెయ్యి పెట్టొద్దన్నారని కెమెరా జోలికే పోలేదట, దారంతా పుస్తకం చదువుకుందట. కార్డు నిండా బొమ్మలు. గిరిబాబు వాటిని ముందుగా చూడనన్నాడు. వచ్చే ఆదివారం అప్పతోనే చూస్తాడు. అదీ ముక్కలు కత్తిరించి కాదు, బండి ఎన్ని గంటలు నడిచిందో అన్ని గంటలూ.

ఆ మాట ఎలా పాకిందో గాని ఆదివారం తెల్లవారి ఆరు గంటలకల్లా ఆ వరస క్వార్టర్లన్నీ గిరిబాబు ఇంట్లోనే ఉన్నాయి. పక్కింటి వేణుగోపాల్ రిటైరైన టీటీఈ. మే నెల ఎండలో పాత నల్లకోటు వేసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి అందరినీ టిక్కెట్లడిగాడు. లేనివాళ్లకు ఒక లోటా మంచినీళ్లు తెచ్చిపోయమని జరిమానా వేశాడు. టీవీకి ఎదురుగా మడతకుర్చీ వేసి అప్పలనర్సమ్మను కిటికీ సీటంటూ కూర్చోబెట్టాడు. ఆవిడ నీలం అంచు చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, నిజంగా ప్రయాణానికే వచ్చినట్టు కూర్చుంది.

బండి కదిలింది. యార్డు, షెడ్డు, సిర్గిట్టి ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ఎండ ఏటవాలుగా కిటికీలోంచి పడుతోంది. బిల్హా వచ్చేసరికి అక్కడి చుట్టాల ఇళ్లు కనపడతాయేమోనని ఇద్దరాడవాళ్లు టీవీకి అడ్డం లేచారు. వేణుగోపాల్ వాళ్లను మందలించాడు. రాయపూర్‌లో బండి ఆగింది. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. గిరిబాబు లేచి టీవీ పక్కన నిలబడి, చూశారా, ఇప్పుడు పెట్టెలో కరెంటు లేదు, అయినా బొమ్మ ఆగలేదు అని అందరికీ వివరించాడు. శివాజీ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. బండి మళ్లీ కదిలాక అప్పలనర్సమ్మ ఒకసారి టీవీ వంక, ఒకసారి తమ్ముడి వంక చూసి, మంచినీళ్లు కావాలంది. తన తెలివికి అప్ప మురిసిపోయిందనుకుని గిరిబాబే తెచ్చిచ్చాడు.

మహానది తగ్గిపోయి ఇసుకగా కనపడింది. సాల చెట్లు, ఎర్రమట్టి, నెత్తిన కట్టెలమోపులతో నడిచే మనుషులు. తిత్లాగఢ్‌లో మాధవీలత పులిహోర పెట్టింది. రైల్లో తిన్నట్టుండాలని వేణుగోపాల్ అందరికీ పాత పేపరు ముక్కల్లో పెట్టించాడు. కొందరు నిద్రపోయారు, కొందరు ఇళ్లకు వెళ్లి పనులు చూసుకుని రాయగడ దగ్గర మళ్లీ ఎక్కారు. సొరంగాల్లో టీవీ నల్లగా అయిపోతే అప్పలనర్సమ్మ, "ఇదుగో, ఇది నాకు తెలిసిన దారే" అంది. ఇల్లంతా గొల్లుమంది. ఆవిడ నవ్వుతుంటే గిరిబాబుకు కడుపు నిండిపోయింది. ఇంత నవ్వు ఆ ముఖంలో చూసి ఎన్నేళ్లయిందో.

పార్వతీపురం దాటింది. గిరిబాబు నేల మీదికి జారి, టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. సాయంత్రపు ఎండ కెమెరా ముఖానే కొడుతోంది. జొన్నచేను, చిన్న వాగులాంటి గెడ్డ, మట్టిరోడ్డు. వేసి ఉన్న గేటు. గేటుకు అవతల ఆగి ఉన్న ఒక ఆటో, రెండు సైకిళ్లు, మేకను తాడుతో పట్టుకున్న ముసలివాడు. అయిపోయింది. మళ్లీ జొన్నచేను.

గది లేదు.

వెనక్కి తిప్పి చూశాడు. ఆటో, సైకిళ్లు, మేక. మళ్లీ తిప్పాడు. సూర్యుడు ఇటువైపు ఉన్నాడేమిటి? సాయంత్రం పూట దక్షిణానికి పోయే బండిలో ఎడమ కిటికీకి ఎండెలా వస్తుంది? అప్పుడు వెలిగింది. రాయపూర్‌లో ఇంజన్ ఈ కొస విప్పి ఆ కొస తగిలిస్తారు. అక్కడ్నుంచి బండి వెనకది ముందై పోతుంది. ఎడమ కిటికీ కుడి కిటికీ అవుతుంది. ఇంజన్ మార్చినప్పుడు కరెంటు పోతుందని తట్టింది గాని, దిక్కు మారుతుందని తట్టలేదు. ముప్పై ఆరేళ్లు నిలబడ్డ బండ్లు చూసిన బుర్ర. రాయపూర్ నుంచీ గదికి వీపు పెట్టుకుని తీసిన బొమ్మ. ఆయన తల ఎత్తలేకపోయాడు.

అప్పలనర్సమ్మ కుర్చీలోంచి వంగి తమ్ముడి తల మీద చెయ్యి వేసింది.

"నాకు రాయిపూర్లోనే తెలిసిపోనాదిరా. ఎండ అటేపెల్లిపోనాది కదా."

"మరి పొద్దున్నే సెప్పలేదేటప్పా?"

"సెప్తే ఈలందరూ లేసి ఎల్లిపోరేటి? పులిహోర మిగిలిపోను."

నవ్వాలో ఏడవాలో గిరిబాబుకు తెలియలేదు. వేణుగోపాల్ మాత్రం నవ్వేశాడు. అప్పలనర్సమ్మ ఆ బొమ్మ మళ్లీ పెట్టమని, గేటు దగ్గర ఆపమంది. ఆగిన బొమ్మను కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. గేట్‌మన్ కూతురు చూసే చూపు అది.

"గేటేసి ఉంది సూడు. మనుసులు ఆగున్నారు. గేటోడుండబట్టే కదా ఏసినాడు? గేటోడుంటే, ఆడు కూసోడానికి గది ఉండదేటి?"

గిరిబాబు తల ఎత్తాడు.

"సగం దారి సూసీసినాను. ఆ సగం నానెల్లి సూస్తాను" అంది అప్పలనర్సమ్మ. తర్వాత ప్రసూన వైపు తిరిగి, "ఒలే, నీ అద్దెగదిలో నాకు చోటుందేటి?" అని అడిగింది. ప్రసూన నెల రోజులుగా అత్తను తనతో రమ్మని బతిమాలుతోంది. మోకాళ్ల పేరు చెప్పి కాదంటూ వచ్చింది ఈవిడే. ఆ పిల్ల వచ్చి ఆవిడ మెడ కావలించుకుంది.

ఆ వారం, అప్పకు సీటు తీసుకున్న నాలుగో పెట్టెలో గిరిబాబు చేసిన పని రికార్డులో ఎక్కడా రాయలేదు. దొడ్లలో బల్బులు కొత్తవి వేశాడు. కమోడు ఉన్న దొడ్డి తలుపు గడియ తన పని కాకపోయినా తనే సరిచేశాడు. లోపలి పట్టుకడ్డీని రెండు చేతులతో వేలాడి మరీ పరీక్షించాడు. సీటు ఈసారి అవతలి వరసలో తీసుకున్నాడు. అది సరైనదేనా అని వేణుగోపాల్‌నూ శివాజీనీ అడిగి, చివరికి అప్పనే అడిగాడు.

శనివారం తెల్లవారి ఆవిడను పెట్టె ఎక్కించడానికి ముగ్గురు సాయం పట్టారు. ఎక్కాక మాత్రం ఎవరినీ పట్టుకోకుండా నడిచి వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది. ప్రసూన కెమెరా సంచి భుజాన వేసుకుని వచ్చింది. అప్పలనర్సమ్మ దాన్ని తీయించి, కిటికీలోంచి గిరిబాబు చేతికి ఇప్పించింది.

"అదేటికి? ఈ పాలి నా కళ్లు నానే అట్టుకెల్తన్నాను" అంది.

బండి కదిలింది. తను లైట్లు చూసిన బండి కదలడాన్ని గిరిబాబు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడటం అదే మొదలేమో. ఒక్కో పెట్టే దాటుతుంటే లోపల వెలుగుతున్న దీపాలన్నీ తనకు తెలిసినవే. నాలుగో పెట్టె కిటికీలో నీలం అంచు కాస్త కనపడింది, వంపు తిరిగాక అదీ కనపడలేదు. ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. ఏదో పెద్ద పని చక్కగా జరిగినట్టుంది.

సాయంత్రం అయిదింటికి పిట్ లైనులో ఉండగా ఫోను మోగింది. వెనక బండి చప్పుడు, గాలి. అప్పలనర్సమ్మ గొంతు పదహారేళ్ల పిల్ల గొంతులా ఉంది.

"ఉందిరా గిరీ. గది ఉంది. నీలం రంగేసినారు. పైన పెంకులు తీసీసి పలక ఏసినారు. కిటికీ అదే. గేటోడు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. నాను సెయ్యూపితే ఆడూ ఊపినాడు."

గిరిబాబు టెస్ట్ ల్యాంపు కింద పెట్టి పెట్టె మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా దాచిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"అప్పా, నాకా గది గురుతునేదు. ఏటీ గురుతునేదు."

బండి చప్పుడును మించి అప్పలనర్సమ్మ గొంతు పెంచింది.

"నీకెలాగుంటాదిరా, ఇంతుండీవోడివి. ఆ కిటికీ కిందే నిన్ను పడుకోబెట్టీదాన్ని. బండెల్తే గోడ కదిలీది. నువ్వు లెగకుండా నీ సెవులు మూసీదాన్ని."

ఆ మాట విన్నాక గిరిబాబు తన రెండు చేతులూ తెలియకుండానే చెవుల మీద పెట్టుకున్నాడు. శివాజీ వచ్చి ఏమైందంటే, ఏమీ లేదు, గది ఉందట అన్నాడు. చెప్తూ నవ్వాడు, కళ్లు తుడుచుకోవడం మరిచిపోయి.

స్పెషల్ ఆరు శనివారాలూ అయిపోయాయి. అప్పలనర్సమ్మ ఇంకా రాలేదు. విజయనగరంలో ప్రసూనకు తెలుగు అక్షరాలు దిద్దిస్తోందట, వీధిలో ఇద్దరు ముసలమ్మలతో స్నేహం కట్టిందట. ఎప్పుడొస్తావని గిరిబాబు అడగడం మానేశాడు. ఇంట్లో ఆవిడ సంచి తగిలించుకునే మేకుకు ఇప్పుడు ఆ కేబుల్ వేలాడుతోంది. దారంతో కట్టిన అట్టముక్క మీద "ఎడమ" అన్న మాట ఒక్కటి పెన్సిలుతో కొట్టేసి ఉంది.